జలపాతం పక్క కొండ

"ఈ వారాంతం సూ ఫాల్స్ వెళ్దాం" అని లావాన్ అనగానే ఆర్డిస్ చేతిలో సూది ఆగిపోయింది.

చర్చి కింది గదిలో ముగ్గురు స్నేహితురాళ్ళూ బొంత కుడుతున్నారు. శుక్రవారం బయల్దేరి, ఈతకొలను ఉన్న హోటల్లో దిగి, ఆదివారం తిరిగి రావాలని లావాన్ ఆలోచన. మార్లిస్ కాఫీ పోస్తూ సరేనంది. ఊరు చూపించే బాధ్యత మాత్రం ఆర్డిస్‌దే అన్నారు ఇద్దరూ. నెలనెలా వెళ్ళొచ్చే మనిషి మరి.

ఆర్డిస్ కుట్టిన కుట్టే మళ్ళీ కుట్టింది.

కొడుకు ట్రెంట్‌కి సూ ఫాల్స్‌లో పెద్ద ఉద్యోగమని ఆమే అందరికీ చెప్పుకుంది. నిజానికి వాడున్నది జలపాతం పక్కన కొండమీది జైల్లో. తాగి కారు నడిపి ఒక మనిషి ప్రాణం తీశాడు. ఆ కబురు తమ చిన్న ఊరికి చేరలేదని ఆర్డిస్ నమ్మకం. ఎవరూ ఒక్క మాట అడగలేదు. వాడు జైలుకెళ్ళిన వారం ఎవరో ఆమె గుమ్మంలో మాంసం, బంగాళాదుంపలు కలిపి వండిన గిన్నె పెట్టి వెళ్ళారు, అంతే. ఒకరింటికొకరు వంట పంపుకోవడం ఆ ఊళ్ళో మామూలే.

నెలకో శనివారం ఆర్డిస్ కారు తీసేది. జైలు ఎదురుగా ఆపేది. ఆ గోడల్ని చూస్తే చాలు, సిగ్గుతో ప్రాణం చచ్చిపోయేది. చీకటి పడేలోగా ఇల్లు చేరేది. మర్నాడు చర్చిలో మాత్రం, మావాడు మంచిచోట భోజనం పెట్టించాడనీ, కాస్త ఒళ్ళు చేశాడనీ చెప్పేది.

"ఒళ్ళు చేశాడా?" అని మార్లిస్ ఒకసారి ఏదో అనబోయి, తల వంచుకుని కాఫీ తాగింది.

ఇప్పుడు తప్పించుకోవడం ఎలా? మోకాళ్ళ నొప్పులంది. లావాన్ వినలేదు. ట్రెంట్ కంపెనీ పనిమీద వేరే ఊరు వెళ్ళాడంది. వాడు లేకపోతే మనకి ఊరు కనిపించదా అన్నారు. చేసేది లేక, దిగే హోటలు ఊరికి అవతలి చివర చూసింది. సీతాకోకచిలుకల తోట, బట్టల షాపులు, వేయించిన మాంసం ముక్కలకి పేరున్న హోటలు, అన్నీ కొండకి దూరంగా ఉన్నవే ఏరింది.

"జలపాతం లేదేంటే?" అంది లావాన్. "ఊరి పేరే దానిది. పెళ్ళికెళ్ళి పెళ్ళికూతుర్ని చూడకుండా వచ్చినట్టుంది నీ ప్లాను."

"ఇప్పుడక్కడ నీళ్ళుండవు" అంది ఆర్డిస్. వర్షాలు దంచి కొట్టిన నెల అది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

శుక్రవారం సాయంత్రం ఆ ఇద్దరూ ఈతకొలనులో చిన్నపిల్లల్లా కేరింతలు కొడుతుంటే, ఆర్డిస్ గట్టు మీద కూర్చుని రేపటి అబద్ధాలు కూర్చుకుంది. ఇంత మంచివాళ్ళని మోసం చేస్తున్నానని తనమీద తనకే అసహ్యం వేసింది.

తెల్లవారాక లావాన్ కారుని తిన్నగా జలపాతం వైపే పోనిచ్చింది. పార్కు దాటింది. కొండెక్కింది.

"ఇటు కాదే. వెనక్కి తిప్పు" అంది ఆర్డిస్.

"నీళ్ళెక్కడికీ పోవు. దిగు" అంది లావాన్, కారు జైలు ముందు ఆపి.

వీళ్ళకి తెలుసు. ఇన్నాళ్ళూ తెలుసు. పెద్ద ఉద్యోగం, మంచి భోజనం, ఒళ్ళు చేయడం, అన్నీ తెలిసే విన్నారు. భూమి రెండుగా చీలి తనని మింగేస్తే బాగుండుననుకుంది ఆర్డిస్. మార్లిస్ ఆమె సీటు బెల్టు విప్పి, చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

కిటికీ వెనక కూర్చున్న జైలు ఉద్యోగి వాళ్ళని చూసి నవ్వాడు.

"రండి లావాన్ గారూ, మార్లిస్ గారూ, ట్రెంట్‌ని చూడ్డానికి ఇన్నేళ్ళలో మీరిద్దరు తప్ప ఎవరూ రాలేదే, ఈ కొత్తావిడ ఎవరండీ?"