జరిపిన గీత

తక్ మాన్‌సోక్ సంతకానికి బదులు వేసేందుకు సంచిలోంచి తీసిన పేరుముద్రను మళ్లీ సంచిలోనే వేసుకున్నాడు.

"ముద్ర తర్వాత. ముందు ఆ గీత ఎవరు జరిపారో చెప్పు."

ఊరి సమావేశపు గదిలో, వెచ్చటి నేల మీద కూర్చున్న సర్వే అమ్మాయి సేరిమ్ కంప్యూటర్‌ను అతని వైపు తిప్పింది. తెర మీద ఆకాశం నుంచి తీసిన కొండ ఫొటో. దాని మీద రెండు గీతలు.

"నీలంగీత పాత కాగితం పటంలోది, బాబాయ్‌గారూ. ఆ పటాన్ని ఫొటో మీద పరిచి, వాగు మలుపు, పెద్దబండ, హద్దురాయి మూడూ కలిసేలా సరిచేశాను. ఎర్రగీత కొత్తది. మీ హద్దుదారు చున్‌బోక్ గారు అడిగితే గీశాను. దాంతో నలభై రెండు ప్యోంగ్‌ల నేల, అంటే ఓ చిన్న ఇంటి స్థలమంత, వారి వైపు నుంచి మీ వైపుకి వస్తుంది. ఇద్దరూ ముద్ర వేస్తే అదే హద్దు."

"నా వైపుకా?"

"మీ వైపుకే. పరిహారం కూడా అక్కర్లేదని రాసిచ్చారు."

మాన్‌సోక్ తలతిప్పి చూశాడు. గోడకి ఆనుకుని డెబ్బై నాలుగేళ్ల చున్‌బోక్ బార్లీ టీ ఊదుకుంటూ తాపీగా కూర్చున్నాడు.

"ఏంటన్నా సంగతి? పోయినేడు నాలుగు చెస్ట్‌నట్ కాయలు నా వైపు దొర్లితే హద్దు దాటొచ్చి మరీ ఏరుకుపోయిన మనిషివి. ఇప్పుడు నేల దానం చేస్తున్నావా?"

"కాయలు తియ్యగా ఉంటాయిరా. నేల తినలేం కదా" అన్నాడు చున్‌బోక్. "నువ్వు గడ్డి కోసే మీ తాత సమాధి దిబ్బ, నీలంగీత ప్రకారం నా వైపు పడింది. ఆ రోజుల్లో పటం గీసినవాడు తాగి గీశాడో ఏమో. ఎర్రగీత అయితే దిబ్బ నీదే. ముద్ర వేసి పో. పండుగ దగ్గరకొచ్చింది, నీకు బోలెడు పనులు."

మాన్‌సోక్ ముప్ఫై ఒక్క ఏళ్లుగా, శరత్కాలపు పున్నమి పండుగకి ముందు నగరం నుంచి వచ్చి ఆ దిబ్బ మీద గడ్డి కోస్తున్నాడు. బియ్యపు కల్లు పోసి సాష్టాంగపడుతున్నాడు. పేరు చెక్కిన రాయైనా లేని సమాధి. పోయిన పెదనాన్న చెప్పిన ఆనవాళ్లే దానికి ఆధారం. ఇప్పుడు తెలియక ముద్ర వేసి, ఏదో మెలికతో అది చెయ్యి జారిపోతే, తాతకి ఏ మొహం పెట్టుకుని మొక్కుతాడు?

ఇచ్చేవాణ్ణి చూస్తే చేతులు జోడించాలనిపించాలి. మనిషికి ముందు అనుమానమే ఎందుకు పుడుతుందో!

"అమ్మాయ్, నిన్న ఈయన నీకు నూడుల్స్ పెట్టించాడటగా?"

"పెట్టించారు. మీరు పెట్టించినా తింటాను బాబాయ్‌గారూ, మొహమాటం లేదు."

"నవ్వులాట కాదు. నువ్వు చేత్తో మౌస్ ఇటు లాగితే గీత ఇటొస్తుంది, అటు లాగితే అటు పోతుంది. పిండిముద్ద లాగినట్టుంది నీ సర్వే. గీతలు తీసెయ్. ఉత్త ఫొటో చూపించు."

సేరిమ్ ఏదో నొక్కింది. రెండు గీతలూ మాయమయ్యాయి. కొండ మిగిలింది.

మాన్‌సోక్ కళ్లద్దాలు పైకి తోసుకుని తెర మీదికి వంగాడు. చున్‌బోక్ వైపు దిబ్బ దొరికింది. తన కమతమంతా దట్టమైన ఓక్ చెట్లు. అడవిపందుల భయంతో తను ఏనాడూ లోపలికి వెళ్లింది లేదు. ఆ చెట్ల నడుమ నాణెమంత పచ్చటి గుండ్రం.

"ఇదేంటి? నా చెట్ల మధ్య?"

"పైనుంచి చూస్తే అది..." అంటూ సేరిమ్ మొదలుపెట్టింది. చున్‌బోక్ పెద్దగా దగ్గాడు. ఆమె ఆగిపోయింది.

"దగ్గకన్నా! అమ్మాయ్, పోయినేటి ఫొటో తియ్యి."

అందులోనూ గుండ్రం ఉంది. అంతకు ముందేటి దాంట్లోనూ ఉంది. పదేళ్ల కిందటి ఫొటోలో చెట్లు చిన్నవి, గుండ్రం మాత్రం అంతే. ఒక్క మొక్క మొలవకుండా, క్షవరం చేసినట్టు నున్నగా. దాన్నుంచి దారంలాంటి కాలిబాట ఒకటి కిందికి దిగుతోంది. మాన్‌సోక్ దాని మీద వేలు పెట్టి జరుపుకుంటూ వచ్చాడు. బాట హద్దు దాటింది. తిన్నగా చున్‌బోక్ ఇంటి పెరట్లో ఆగింది.

"దొరికిపోయావన్నా!" మాన్‌సోక్ లేచి నిలబడ్డాడు. "ఏం పెంచుతున్నావక్కడ? బలానికి తినే జిన్‌సెంగ్ వేరా? అందుకా ఈ నలభై రెండు ప్యోంగ్‌లు? నా నోరు మూయించడానికి లంచమా?"

"జిన్‌సెంగ్ తినేవాడి మోకాళ్లు ఇలా ఉంటాయట్రా?"

"మాట మార్చకు. నా కమతంలోకి వెళ్తున్నావా, లేదా?"

"వెళ్తున్నాను."

"ఎన్నేళ్లుగా?"

"నువ్వు రావడం మొదలుపెట్టినప్పటి నుంచి."

"విన్నావా అమ్మాయ్? నువ్వే సాక్షి!" మాన్‌సోక్ జేబులోంచి ఫోన్ తీశాడు. "పోలీసుల్ని పిలుస్తున్నాను. వాళ్ల ముందైనా చెబుతావు, పరాయివాడి నేలలో ఏటేటా దొంగచాటుగా ఏం చేస్తున్నావో!"

చున్‌బోక్ టీ కప్పు కింద పెట్టాడు.

"మీ తాతకి గడ్డి కోస్తున్నానురా. మా తాతకి నువ్వు కోస్తున్నావు కదా!"