ఏరుకున్న సీసాలు

ఆ శుక్రవారం కూడా జాం అక్క పాత సామాన్ల కొట్టుకు వెళ్లేసరికి కొంగమ్మ అప్పటికే సీసాల గంప ముందు కూర్చుని ఉంది.

జాం అక్కకు ఒళ్లు మండింది.

ఇంట్లో జాం చేసి బేకరీకి వేస్తుంది కాబట్టి వీధంతా ఆమెను జాం అక్క అంటారు. కొత్త సీసా కొంటే లోపలి జాం కంటే సీసాకే ఎక్కువవుతుంది. అందుకే వారం వారం ఇక్కడికొచ్చి, ఒకసారి వాడేసిన గాజు సీసాలు చవగ్గా కొని, కడిగి, మరిగించి వాడుకుంటుంది.

కొంగమ్మ అసలు పేరేమిటో తెలియదు. అరవై దాటిన మనిషి. సీసాను వెలుగుకెత్తి, ఒక కన్ను మూసి, మెడ సాచి చూస్తుంది కాబట్టి జాం అక్కే మనసులో ఆ పేరు పెట్టుకుంది.

చూడటంతో అయిపోదు. సీసా అంచు చుట్టూ గోరు తిప్పుతుంది. చెంచాతో టింగున కొట్టి చెవి ఒగ్గి వింటుంది. వందలో ఏ పదో పదిహేనో ఏరి సంచిలో వేసుకుంటుంది.

"అయిందా పెద్దమ్మా ఏరుకోవడం?" అంది జాం అక్క, లేని నవ్వు తెచ్చుకుని.

"అయిందమ్మా. ఇక మిగిలినవన్నీ నీకే."

రెండేళ్లుగా ఇదే మాట. ఎంగిలి విస్తరి ముందుకు తోసినట్టుంటుంది ఆమెకు.

ఇంటికొచ్చి మొగుడి ముందు కక్కేసింది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు.

"మీగడంతా ఆవిడ ఎత్తుకుపోతోంది. నాకు మిగిలేది తుక్కు."

"ఆ తుక్కుతోనే కదా రెండేళ్లుగా బేకరీ ఆయన దగ్గర మాట పడకుండా నెట్టుకొస్తున్నావు?" అన్నాడాయన, కంటికి పెట్టుకున్న అద్దం తీయకుండానే.

"అది నా చేతి గొప్పతనం."

"మరింకేం? ఆవిడ సంచి మీద పడి ఏడవడం దేనికి?"

అది అసూయ అని ఆమెకూ తెలుసు. తెలిస్తే మాత్రం తగ్గుతుందా?

ఆ నెలలోనే బేకరీ యజమాని పెద్ద మాట చెప్పాడు. కొత్తగా రెండు దుకాణాలు తెరుస్తున్నాడు. ఈసారి రెండు వందల సీసాలు సరిగ్గా అందిస్తే, మూడు దుకాణాలకూ ఏడాది పొడుగునా ఆమె జామే. తేడా వస్తే ఇంకొకరిని చూసుకుంటాడు.

జాం అక్క తిన్నగా పాత సామాన్ల కొట్టుకు వెళ్లింది.

"సరుకు గురువారమే దిగుతుందటగా. ఇకనుంచి సీసాలన్నీ నాకే ఇచ్చెయ్. ఏరను. గంపగుత్తగా తీసుకుంటాను."

"మరి ఆవిడకేం చెప్పను?" అన్నాడు కొట్టతను.

"అమ్ముడైపోయాయని చెప్పు. అబద్ధం కాదుగా."

గురువారం బస్తాలు ఆటోలో వేయిస్తుంటే కొంగమ్మ అటుగా వచ్చింది.

"అన్నీ నువ్వే తీసుకున్నావా అమ్మా?"

"అన్నీ."

"ఒక్కసారి చూడనిస్తావా? నాకొక్కటీ వద్దు."

జాం అక్క బస్తా మూతి బిగించి కట్టింది.

"చూసి ఏం చేస్తారు?"

"అంచులు..."

"నాకూ కళ్లున్నాయి పెద్దమ్మా. రెండేళ్లు మీరు వదిలేసినవి ఏరుకున్నాను. ఇక చాలు."

కొంగమ్మ ఆటో మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.

జాం అక్కకు చాలా రోజుల తర్వాత కడుపు చల్లబడింది.

వేడి జాం పోస్తుంటే కొన్ని సీసాలు నిలువునా విచ్చుకున్నాయి. మంట ఎక్కువైందేమో అనుకుంది. మిగతావి మూతలు బిగించి బేకరీకి పంపింది.

పన్నెండో రోజున బేకరీ యజమానే అట్టపెట్టె మోసుకుంటూ వచ్చాడు. పాతిక సీసాల్లో జాం పులిసి మూతలు ఉబ్బాయి. కొన్నింట్లో బూజు.

"అది సరేనమ్మా, దీనికేమంటావు?" అంటూ కాగితం పొట్లం విప్పాడు. అందులో గోరంత గాజు పెచ్చు. "చంటిపిల్లకు పెట్టబోతే చెంచాలోకి వచ్చిందట. తల్లి చూసింది కాబట్టి సరిపోయింది. ఇక మన లెక్క ఇంతటితో సరి."

ఆయన వెళ్లాక మొగుడు ఒక సీసా తీసుకుని అద్దంతో చూశాడు.

"అంచు చుట్టూ వెంట్రుకంత బీటలు. ఇన్నాళ్లూ ఇలాంటివి ఒక్కటీ రాలేదే."

ఆమెకు మళ్లీ కొంగమ్మే గుర్తొచ్చింది. మంచివి ఏరే కిటుకేదో ఆ ముసలావిడకు తెలుసు. ఈసారి కాళ్లు పట్టుకునైనా నేర్చుకోవాలి. కొట్టతన్ని అడిగి ఇల్లు కనుక్కుని వెళ్లింది.

తలుపుకు తాళం వేసి ఉంది. గోడ వారగా మోకాలెత్తున పగిలిన గాజు కుప్ప.

"నాలుగు రోజులైంది, చెల్లెలొచ్చి తీసుకెళ్లిపోయింది," అంది పక్కింటావిడ. "ఏ ఊరో మాకూ చెప్పలేదు. చేతికి పని లేకుండా పోయిందని దిగులు పడింది పాపం."

"ఈ గాజంతా ఏమిటండీ?"

"ఆవిడ కొన్నవే. బీటలున్న సీసాలే ఏరి కొనుక్కొచ్చి ఇక్కడ పగలగొట్టేది. ముప్ఫై ఏళ్లు గాజు ఫ్యాక్టరీలో సీసాలు పరీక్ష చేసిన మనిషి. చెడ్డవని చెబితే కొట్టతను వాటిని ఇంకొకరికి అంటగడతాడు, కొనేస్తేనే పీడ వదులుతుంది అనేది."

జాం అక్క వంగి కుప్పలోంచి ఒక సీసా మెడ తీసి, అంచు చుట్టూ గోరు తిప్పింది.

"ఎవరికోసమండీ ఇదంతా?"

"జాం చేసే అమ్మాయెవరో ఉందట. తొందర మనిషి, అంచులు చూసుకోదట. ఒకసారి చెప్పబోతే మొహం తిప్పుకుందట. కానీ చేతిలో మంచి రుచుంది, పైకొస్తుంది అని తెగ మురిసిపోయేది. మీకు తెలుసా ఆ అమ్మాయి?"

జాం అక్క చేతిలోని సీసా మెడను మెల్లగా కుప్ప మీద పెట్టింది.

ఎవరి సంచి చూసి తను ఇన్నాళ్లూ కుళ్లుకుందో ఆ మనిషి, రెండేళ్లుగా జీతం లేకుండా తన దగ్గరే పని చేసింది.