ఎనిమిదో కూత

“అమ్మాయ్, నీ ఒంటి మీద ఎక్కడో ఇనుముంది,” అన్నారు భూతద్దంగారు, దొంగను పట్టుకున్నంత సంబరంగా.

ఆయన తనిఖీ అధికారి. ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు, వర్క్‌షాపు పెట్టింది. ఆయన సంతకం పడనిదే ఏ పరికరమూ ఆ గడప దాటదు.

ఈరోజు ఆయన ముందున్నది లావుపాటి పెన్నులాంటి ప్రోబ్. కాన్సర్ ఆపరేషన్‌కు ముందు రోగికి ఇనుప రేణువులున్న మందు సూదితో ఎక్కిస్తారు. అది మెల్లగా పాకి, జబ్బు ముందుగా చేరే లింఫు గ్రంథిలో తిష్ఠ వేస్తుంది. ప్రోబ్ ఆ చోటికి రాగానే కుయ్‌మంటుంది. డాక్టరు సరిగ్గా ఆ గ్రంథినే తీస్తారు.

దాన్ని తయారుచేయడానికి ఆ అమ్మాయికి మూడేళ్లు పట్టింది. రేపు పొద్దున ఎనిమిదింటికే దానితో మొదటి ఆపరేషన్. సాయంత్రంలోగా సంతకం పడకపోతే ఆపరేషన్ వాయిదా.

పరీక్ష కోసం మెత్తటి జెల్ ముద్దలో ఆయన ఏడు చోట్ల ఆ మందు చుక్కలు దాచారు. ఆమె ఏడింటినీ పట్టేసింది. ఆయన మొహం కాస్త చిన్నబోయింది కూడా.

లెక్క రాసుకోవడానికి ఆ అమ్మాయి అలవాటు కొద్దీ ప్రోబ్‌ను చంకలో ఇరికించుకుంది.

కుయ్!

అదిగో, అక్కడ మొదలైంది పేచీ.

“నేను దాచింది ఏడే. ఈ ఎనిమిదోది ఎక్కడిది?”

“అది వదిలేయండి సార్.”

“వదిలేయడమా? నేనా? జడపిన్నులు తియ్యి.”

“ప్లాస్టిక్ క్లిప్పు సార్. ఈ గదిలోకి ఇనుము తేవద్దని బోర్డు రాసిందే నేను.”

“చెవి దుద్దులు?”

“బంగారం.”

“నిజంగా?”

“పెట్టినవాళ్లు అలాగే చెప్పారు.”

చెప్పులు గుమ్మం బయటికి వెళ్లాయి. వాచీ వెళ్లింది. గాజులూ వెళ్లాయి. అయినా కుయ్!

వర్క్‌షాపులో లేత్ మిషన్ నడిపే మామ తలుపులోంచి తొంగిచూశాడు. “ఆ మొండితనమే ఇనుము సార్. మూడేళ్లుగా చూస్తున్నాగా.”

భూతద్దంగారు ప్రోబ్‌ను తన చంకలో పెట్టుకుని చూశారు. చప్పుడు లేదు. ఆమె కుడి చంకలో పెట్టించారు. చప్పుడు లేదు. ఎడమ చంకలో పెట్టగానే కుయ్!

“నీ ఎడమ చేతికి నా మీద ఏదో కోపముంది,” అని పెన్ను మూత బిగించేశారు. “కారణం తేలందే సంతకం లేదు. ఏమీ లేని చోట కూసేదాన్ని నమ్మి మనిషి మీద కత్తి పెట్టమంటావా?”

“వద్దు సార్. నేనూ ఒప్పుకోను.”

“అయితే కారణం చెప్పు. నీకు తెలుసని నీ మొహమే చెబుతోంది.”

“ముందే చెప్పుంటే మీరు జాలిపడి, ఆరు దొరికినా సంతకం పెట్టేసేవారు.”

“నాకా? జాలా?” అన్నారాయన, తిట్టు తిన్నట్టుగా.

ఆ అమ్మాయి నవ్వి, సంచిలోంచి మడతపెట్టిన ఆస్పత్రి చీటీ తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లద్దాలు సర్దుకున్నారు.

ఎడమ రొమ్ములోకి నిన్ననే, అక్కణ్నుంచి చంకలోని గ్రంథికి పాకే ఆ ఇనుప మందు ఎక్కించుకుని, రేపు ఎనిమిదింటికి ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిన రోగి పేరు దగ్గర ఆ అమ్మాయి పేరే ఉంది.