సూది వద్దన్న రాత్రి

జోజమ్మకు తుంటి ఎముక ఆపరేషనైన రెండో రాత్రి. భద్రాచలం దవాఖానాలో వార్డంతా నిద్రపోయాక, తన మనవరాలు తబితా భుజం మీదుగా చూస్తూ ఆమె అంది, "నీ ఎనక ఎవరో నిలబడ్డడు బిడ్డా."

నర్సు సూదితో వచ్చింది. "నిద్రమందు ఏస్తే తెల్లారేదాకా సప్పుడు చెయ్యదు."

"వద్దక్కా," అంది తబితా. "పక్క మంచం తాతకు గట్లనే ఏసిర్రు. మూడు రోజులాయె, కన్నకొడుకును గుర్తుపడతలేడు. మతి తప్పకుండ మాట్లాడిస్తుండుమన్నడు పెద్ద డాక్టరు."

"అయితే ఈ తిప్పలు నువ్వే పడు," అని నర్సు వెళ్లిపోయింది.

తబితా కళ్లద్దాలు తుడిచి నానమ్మకు పెట్టింది. "నేనెవరు? మనం ఏడున్నం?"

"తబితావు. భద్రాచలం దవాఖానల ఉన్నం, ఇయ్యాల శుక్రవారం. బడిపంతులు లెక్క అడుగుతున్నవేందే?"

అన్నీ సరిగ్గానే చెప్పింది. తబితా మనసు కుదుటపడింది. "మరి నా ఎనక ఎవరు లేరు గదా?"

"ఉన్నడు. గిప్పుడు మొఖం గూడ కనబడుతుంది."

పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది, దాని చప్పుడు మాత్రం ఆగిపోయింది. మెడ మీద చల్లని ఊపిరి తగిలింది. తబితా వెనక్కి తిరగలేదు. స్టూలును మంచానికి ఇంకా దగ్గరగా జరుపుకొని, నానమ్మ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"నువ్వు నన్నే చూసి మాట్లాడు నానమ్మా. వాడిని నిలబడనీ. కాళ్లు నొస్తే వాడే పోతడు."