మెట్ల మీద ఎలుగుబంట్లు

“ఆగండి! ఇక్కణ్ణుంచి ఎలుగుబంట్లు తిరుగుతాయి. గంట కొట్టండి, చప్పుడికి పారిపోతాయి,” అన్నాడు కిమురా తాతగారు, మేడమెట్ల మొదట్లో నిలబడి.

పనిమనిషి సూర్యావతి చీపురు గోడకి ఆనించి, పూజగంట తీసి గణగణా వాయించింది. వాయించకపోతే ఆయన కాలు కదపడు మరి.

బహ్రెయిన్‌లో, ఉమ్మ్ అల్ హస్సామ్ పేటలో ఉన్న ఆ ఇంట్లో ఎలుగుబంటి కాదు కదా, పిల్లి కూడా లేదు. కానీ తాతగారి లెక్కలో అది జపాన్. ముందుగది మగోమె అనే పాతకాలపు ఊరు. మేడమెట్లు కొండ కనుమ. స్నానాలగది కుళాయి జలపాతం. వంటిల్లు దారిలో వచ్చే టీ బడ్డీ. వెనకాల సూర్యావతి పడుకునే గది, సాయంత్రానికి చేరాల్సిన త్సుమాగో ఊరు. ఒకప్పుడు ఆయన ఆ రెండూళ్ల మధ్య టూరిస్టుల్ని నడిపించిన గైడు. ఇప్పుడు టూరిస్టు సూర్యావతి ఒక్కతే.

“త్సుమాగోలో మూడు కట్టుబాట్లు,” అనేవాడు గైడు. “ఇల్లు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, పడగొట్టకూడదు. అందుకే ముత్తాతలనాటి ఇళ్లు ఇంకా నిలబడి ఉన్నాయి.”

“మా ఊళ్లో గాలికి ఆ కట్టుబాటు తెలీదండి తాతగారూ,” అనేది సూర్యావతి.

కిందటేడు, తొంభై ఆరు తుఫానుకి, కోనసీమలో ఆవిడ ఇల్లు నేలమట్టమైపోయింది. కొడుకు కన్నబాబు అప్పట్నుంచీ పెద్దమ్మగారి అరుగు మీద పడుకుంటున్నాడు. ఇక్కణ్ణుంచి పంపే జీతంతో గోడలైతే లేచాయి. కప్పు పడాలి. అందాకా ఈ ఉద్యోగం నిలబడాలి. తిన్నా, పడుకున్నా ఆవిడకి అదొక్కటే దిగులు.

నిజానికి ఆ ఉద్యోగం ఎప్పుడో పోవాల్సింది. తుఫాను వచ్చిన నెలలోనే తాతగారి కూతురు నోరికో మేడమ్ పిలిచి చెప్పింది. “పిల్లలు చదువుకి జపాన్ వెళ్లిపోయారు. మా ముగ్గురికీ మనిషెందుకు? వీసా క్యాన్సిల్ చేయిస్తున్నాం.”

టిక్కెట్టు కూడా కొనేశారు. అదిగో, ఆ వారంలోనే పెద్దాయనకి మతి తప్పింది. పొద్దున్నే లేచి, బూట్లేసుకుని, “కొండదారి ఎటు?” అన్నాడు. కూతురూ అల్లుడూ డ్యూటీకి పోతే ఆయన్నెవరు కనిపెట్టుకుని ఉంటారు? టిక్కెట్టు వాపసు చేశారు.

ఎవరి కష్టం ఎవరికి కూడు పెడుతుందో, చూడండి!

అలా ఆ ఇంట్లో పగలంతా వాళ్లిద్దరే మిగిలారు. పొద్దున్న గేటు మూతపడిందంటే మళ్లీ దీపాలు పెట్టేవేళ దాకా ఏసీ రొద తప్ప ఇంకేమీ వినపడదు. తెలుగు మాట చెవిన పడాలంటే సెలవురోజు, శుక్రవారం రావాలి. ఆయన గతీ అంతే. కూతురు అలిసి వచ్చి, నాలుగు మెతుకులు తిని, తలుపేసుకునేది. వచ్చీరాని ఇంగ్లీషులో ఈ ఇద్దరూ టీ బడ్డీ దగ్గర మాట్లాడుకోవాలి. ఆయన పోయిన భార్య గురించి చెప్పేవాడు. ఈవిడ కన్నబాబు గురించి చెప్పేది. చెప్పుకున్నారే గానీ, ఎవరి బెంగ వాళ్లదే. ఒక్కోరోజు నడక పూర్తయి త్సుమాగో చేరాక, ఆ చిన్నగదిలో ఇద్దరూ అలాగే కూర్చుండిపోయేవారు. వెళ్లడానికి ఇంకో ఊరు లేదు.

వేసవిలో ఒకరోజు, మగోమెలో బూటుతాడు కట్టుకుంటూ తాతగారు తలెత్తాడు.

“మీ కన్నబాబు టెంత్ పాసయ్యాడా?”

సూర్యావతి చప్పున ఆయన మొహంలోకి చూసింది. ఈయనకి గుర్తుందే! మతి తిరిగొస్తోందా ఏంటి కొంపదీసి!

ఆ సాయంత్రమే మేడమ్ చెప్పింది. “మంగళవారం డాక్టరుగారు వస్తారు. నాన్న బాగుంటే ఇంక నీ అవసరం ఉండదు సూర్యా. ఏమీ అనుకోకు.”

“అయ్యో, ఏమనుకుంటానండి,” అంది సూర్యావతి. గదిలోకి పోయి అన్నవరం సత్యదేవుడి పటం ముందు నిలబడింది.

“స్వామీ, పెద్దాయనకి నయం కానీకు.”

మొక్కేసిందే గానీ, మరుక్షణం తన లెంపలు తనే వాయించుకుంది. తండ్రిలాంటి మనిషి బాగుపడకూడదని దేవుడికి చెప్పుకునేంత పాపిష్టిదాన్నైపోయానా అని కుమిలిపోయింది. అయినా మొక్కు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మంగళవారం డాక్టరు వచ్చాడు. నాడి చూశాడు, కళ్లలోకి లైటు వేశాడు.

“పెద్దాయనా, మీరిప్పుడు ఎక్కడున్నారు?”

సూర్యావతి గుమ్మం పట్టుకుని నిలబడింది.

తాతగారు డాక్టర్ని చూశాడు. కూతుర్ని చూశాడు. సూర్యావతిని చూశాడు. పూజగంట తీసి డాక్టరు చేతిలో పెట్టాడు.

“ఎక్కడేంటి, కనుమలో! నడవడానికొచ్చి ఆ చెప్పులేంటి మీరు? ముందు గంట కొట్టండి.”

పాపం, డాక్టరు కొట్టాడు కూడా.

నోరికో మేడమ్ కళ్లు తుడుచుకుంది. “ఈయన్ని ఒంటరిగా వదలొద్దు. మనిషి ఉండి తీరాలి,” అని చెప్పి డాక్టరు వెళ్లిపోయాడు. ఆ వెనకే మేడమ్ డ్యూటీకి వెళ్లిపోయింది.

ఉద్యోగం నిలబడింది. సూర్యావతి వంటింట్లో నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషం ఒక పాలు, సిగ్గు మూడు పాళ్లు. అలికిడికి తాతగారు వచ్చి పక్కన నిలబడ్డాడు. మతిలేని మనిషికి ఏం తెలుస్తుందిలే అని, ఆ వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లోనే కడుపులో ఉన్నదంతా కక్కేసింది. ఇంటి సంగతి, మొక్కు సంగతి, అన్నీ.

“నన్ను క్షమించండి తాతగారూ. మీకు తగ్గకూడదని కోరుకున్నానండి.”

ఆయన వెళ్లి వీధి తలుపు గడియ పెట్టొచ్చాడు. టీకి నీళ్లు తనే పొయ్యి మీద పెట్టాడు. వచ్చి, ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“మీ ఇంటికి కప్పు పడేదాకా నాకు తగ్గదులే, సూర్యా,” అన్నాడు.