కొత్త తీగలు

తలుపు తీసీ తీయగానే ఉమాశంకర్ పిడికిలి జశ్వంత్ మూతి మీద పడింది.

ఎవరు, ఎందుకు అని అడిగే సందు కూడా ఇవ్వలేదు. రెండో దెబ్బ దవడకి తగిలింది. జశ్వంత్ వెనక్కి తూలి, పుస్తకాల దొంతర మీద పడి, దాంతోపాటే నేలకూలాడు. ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో కోచింగ్ కుర్రాళ్ళుండే ఇరుకు గది అది. రెండు మంచాలు, వాటి మధ్య ఒక మనిషి పట్టే దారి. ఇద్దరు కొట్టుకోవడానికి చాలదు గానీ ఒకడు కొట్టడానికి సరిపోయింది.

ఉమాశంకర్ రౌడీ కాదు. ఆ వీధి మొదట్లో గిటార్లకీ వయొలిన్లకీ తీగలు మార్చే దుకాణం అతనిది. ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. వయొలిన్ తీగలన్నీ ఒకేసారి విప్పితే లోపల నిలబెట్టిన పుల్ల పడిపోతుందని ఒక్కొక్కటే విప్పి ఒక్కొక్కటే బిగించే ఓపిక ఉంది. ఆ ఓపికంతా వాయిద్యాల దగ్గరే. మనుషుల దగ్గర మాత్రం కోపం ముక్కు మీదుంటుంది.

ఈసారి ఆ కోపానికి కారణం మంచం అంచున ముడుచుకు కూర్చున్న అర్జున్.

అర్జున్‌ది అనంతపురం. సివిల్స్‌కి చదువుకోవడానికి వచ్చాడు. మొదటిసారి గిటార్ తెచ్చినప్పుడే ఉమాశంకర్‌కి అనుమానం తగిలింది. తీగ దానంతటది తెగితే బిరడా దగ్గరో, బ్రిడ్జి దగ్గరో తెగుతుంది. ఈ గిటార్‌కి ఆరు తీగలూ నడిమధ్యలో, కటింగ్ ప్లయర్‌తో కోసేసి ఉన్నాయి. అదీ వదులు చేయకుండా, బిగువు మీద ఉండగానే. అలా కోస్తే గిటార్ మెడ అదిరిపోతుంది. కోసినవాడెవడో పశువయ్యుండాలి అనుకున్నాడు.

మళ్ళీ తెచ్చాడు. ఆ తర్వాత మళ్ళీ. ప్రతిసారీ అదే తంతు. మండుటెండల్లో కూడా కుర్రాడు ఫుల్ హ్యాండ్స్ చొక్కా విప్పడు. ఒకరోజు గిటార్ అందుకుంటుంటే చొక్కా చెయ్యి పైకి జరిగింది. మణికట్టు మీద సన్నటి గీతలు. కొన్ని మానినవి, కొన్ని ఇంకా పచ్చివి. అవి ఉక్కు తీగ గీతలని ఉమాశంకర్‌కి ఒకరు చెప్పాలా?

ఎవడు చేశాడని నిలదీశాడు. గుచ్చి గుచ్చి అడిగితే, స్ట్రింగ్స్ కోసేది మాత్రం తన రూమ్మేట్ జశ్వంత్ అని ఒప్పుకున్నాడు.

"వాడు నన్ను ఊపిరాడనీడన్నా," అన్నాడు. "తినేటప్పుడు పక్కనే కూచుంటాడు. ఫోన్ తీసి చూస్తాడు. బాత్రూమ్‌కి పోయినా తలుపు కొడతానే ఉంటాడు."

మిగతాది ఉమాశంకర్ తనే ఊహించుకున్నాడు. పరాయి ఊళ్ళో, నోట్లో నాలుక లేని పిల్లాణ్ణి పట్టుకుని ఇంత హింసా?

ఇవాళ సాయంత్రం కూడా అర్జున్ కోసేసిన తీగలతో వచ్చాడు. ఉమాశంకర్ కొత్తవి బిగించి, శ్రుతి చేసి, ఇంకో సెట్ తీసి అతని జేబులో కుక్కాడు. వాడి కంట పడనీయొద్దని, మళ్ళీ కోస్తే నువ్వే వేసుకొమ్మని చెప్పి పంపించాడు. పంపించాడే గానీ దుకాణంలో కూర్చోబుద్ధి కాలేదు. షట్టర్ దించి వెనకాలే బయల్దేరాడు. మెట్లెక్కాడు, తలుపు కొట్టాడు, తీసినవాణ్ణీ కొట్టాడు.

"నేను వేసిన స్ట్రింగ్స్ కోస్తావురా?" అని కింద పడ్డవాణ్ణి కాలితో తన్నాడు. అర్జున్ వైపు తిరిగి, "నువ్వు బాత్రూమ్‌లోకి పోయి గడియ పెట్టుకో. నేను పిలిచేదాకా రాకు. వీడి సంగతి నేను చూస్తా," అన్నాడు.

అర్జున్ లోపలికి వెళ్ళాడు. గడియ పడింది.

ఆ చప్పుడు వినగానే జశ్వంత్ లేచాడు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. తనను కొడుతున్న మనిషిని వదిలేసి నేరుగా బాత్రూమ్ తలుపు మీదికి ఉరికాడు. నా కళ్ళముందే కుర్రాడి మీదికి పోతాడా అని ఉమాశంకర్‌కి ఒళ్ళు తెలియలేదు. కాలర్ పట్టి లాగి గోడకేసి కొట్టాడు. పొట్టలో, ముఖం మీద గుద్దాడు. ముక్కు పగిలింది.

జశ్వంత్ తిరిగి చెయ్యెత్తలేదు. ఆరడుగుల మనిషి, ఒక్క తోపు తోస్తే ఉమాశంకర్ మెట్ల కింద ఉండేవాడు. ఆ పని చేయలేదు. కింద పడి మళ్ళీ ఆ తలుపు వైపే పాకాడు.

ఉమాశంకర్ అతని వీపు మీద మోకాలు వేసి, గొంతు చుట్టూ చెయ్యి బిగించాడు.

"వాడి జోలికి వెళ్ళావంటే చంపేస్తా."

జశ్వంత్ ఏదో చెప్పబోయాడు. గొంతు పెగల్లేదు. చెయ్యి చాచి తలుపు అందుకోబోతే ఉమాశంకర్ ఆ చేతిని మెలిపెట్టాడు. పక్క గదుల కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చారు. "ఛోడ్ దో అంకుల్, మర్ జాయేగా," అని, చచ్చిపోతాడు వదలమని అరుస్తూ ఇద్దరు ముగ్గురు కలిసి లాగితే గానీ పట్టు సడలలేదు.

జశ్వంత్ దగ్గాడు. నెత్తురు ఉమ్మాడు. లోపల్నుంచి ఏ అలికిడీ లేని ఆ తలుపు మీద రెండు చేతులతో బాదుతూ, ఏడుపు గొంతుతో ఉమాశంకర్‌ని అడిగాడు.

"వాడు చేతులు కోసుకుంటుండని ఆ స్ట్రింగ్స్ నేనే కత్తిరిస్తున్న అన్నా, ఇయ్యాల మళ్ల కొత్తయి ఇచ్చిన్రా?"