సదివి ఇనిపించిన్రా?

“బిడ్డా, గా కాగితం మీ తమ్మునికి సదివి ఇనిపించిన్రా?”

స్వరూప ఉలిక్కిపడి ఫైలు మూసేసింది.

హైకోర్టు గేటుకు ఎదురుగా ఉన్న ప్రేమ్‌రాజ్ జిరాక్స్ దుకాణం అది. అడిగిన ముసలాయన దుకాణం ముందు బెంచీ మీద టీ గ్లాసుతో కూర్చున్నాడు. పోలీసులు తమ్ముడితో సంతకం పెట్టించుకున్న కాగితం జిరాక్స్‌కిస్తూ అతని గురించి ఆమె ప్రేమ్‌రాజ్‌తో చెబుతుంటే అంతా విన్నట్టున్నాడు.

ఆమెకు ఒళ్లు మండింది.

స్వరూప లాడ్ బజార్‌లో గాజులకు రాళ్లు అద్దుతుంది. తమ్ముడు బబ్లూ ఉస్మాన్‌గంజ్‌లో ట్రాలీ ఆటో నడిపేవాడు. అక్కడ ఓ గోదాంలో సరుకు పోయిందని పోలీసులు అతన్ని పట్టుకుపోయి నలభై రోజులైంది. కింది కోర్టు రెండుసార్లు బెయిలు ఇవ్వనంది. ఇవాళ హైకోర్టులో విచారణ. ఇవాళ కూడా కాదంటే ఎండాకాలం సెలవులు దాటేదాకా బబ్లూ జైల్లోనే.

ఈ నలభై రోజుల్లో ఆమె నేర్చుకున్నది ఒక్కటే. కోర్టు గేటు దగ్గర పిలవకుండా పలకరించేవాడు బ్రోకరే.

“నీకెందుకు పెద్దమనిషీ? నా తాన ఇచ్చేటందుకు ఏం లేదు.”

“నాకేం వద్దు బిడ్డా. సంతకం పెట్టంగ సదివి చెప్పిన్రా, లేదా? గదొక్కటి మీ వకీలుకు చెప్పు.”

అంతలో ఎవరో లాయరు గుమాస్తా పరుగున వచ్చాడు.

“ప్రేమ్‌రాజ్ భాయ్, రెండు గుండయ్యలు.”

ప్రేమ్‌రాజ్ తల తిప్పకుండానే టేబుల్ కింద చెయ్యిపెట్టి, ముందే పిన్ను కొట్టి ఉంచిన కాగితాల కట్టలు రెండు తీసిచ్చాడు. ముసలాయన మాట ఆపి తలెత్తాడు. గుమాస్తా రోడ్డు దాటేదాకా అటే చూశాడు.

కాసేపటికి ఇంకొకడు వచ్చి ఒక గుండయ్య అడిగాడు. ముసలాయన మళ్లీ తలెత్తాడు.

స్వరూప అనుమానం గట్టిపడింది. ఎవరు ఏ కాగితం తీసుకుపోతున్నారో కాపలా కాసి మరీ చూస్తున్నాడు.

“నన్ను గూడ గిట్లనే...” అంటూ ఆయన మళ్లీ మొదలుపెట్టాడు.

ఆమె పూర్తిగా విననేలేదు. గేటు దగ్గరి కానిస్టేబుల్‌ను పిలిచి, వీడెవడో బ్రోకరు, వదలట్లేదని చెప్పింది. కానిస్టేబుల్ వచ్చి లాఠీతో బెంచీ మీద కొట్టాడు. ప్రేమ్‌రాజ్ ఏదో అనబోయి, లాఠీ చూసి ఊరుకున్నాడు.

ముసలాయన సగం టీ గ్లాసు బెంచీ కింద పెట్టి, మూసీ ఒడ్డున పురానాపూల్ వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

లోపల వరండాలో లాయరు సదాశివ ఫైలు తిరగేసి పెదవి విరిచాడు. మంచివాడే. కాకపోతే ఒక్క పూటలో పదిహేను ఫైళ్లు చూడాల్సిన మంచివాడు.

అరెస్టు ఎందుకు చేశారో రాసిన కాగితం మీద బబ్లూ సంతకం ఉందని, అది చూశాక జడ్జిగారు బెయిలు ఇస్తారన్న ఆశ లేదని చెప్పాడు.

స్వరూపకు ఏడుపు తన్నుకొచ్చింది. తాను తరిమేసిన మనిషి మాటే నోటికి వచ్చింది.

“సార్, గా కాగితం బబ్లూకు సదివి ఇనిపియ్యాల్నా?”

సదాశివ చెయ్యి ఆగింది. కాగితమంతా ఇంగ్లీషే. చదివి వినిపించాం అని కింద రాసిన ముక్క కూడా ఇంగ్లీషులోనే ఉంది.

“మీ తమ్మునికి ఇంగ్లీషు వస్తదా?”

“తెలుగే కూడబలుక్కుంటడు సార్. మూడో తరగతిల బడి మానేసిండు.”

ఈ సంగతి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని సదాశివ కోప్పడ్డాడు. ఎవరూ అడగలేదు మరి. అడిగిన ఒక్కడినీ ఆమె లాఠీతో తరిమించింది.

“నగేష్, ఉరుకు. ప్రేమ్‌రాజ్ దగ్గర ఒక గుండయ్య పట్టుకురా,” అని సదాశివ తన గుమాస్తాను పంపాడు.

విచారణ పది నిమిషాలు కూడా పట్టలేదు. జడ్జిగారు నగేష్ తెచ్చిన కట్టలో ఒక పేజీ చూసి, ముద్దాయికి ఏ భాషలో చెప్పారని ప్రభుత్వ లాయరును అడిగారు. ఆయన ఫైలులో వెతికాడు. వెతుకుతూనే ఉన్నాడు.

బెయిలు వచ్చింది.

మెట్ల మీద స్వరూప కళ్లు తుడుచుకుని, గుండయ్య అంటే ఏంటని అడిగింది.

“పాత తీర్పమ్మా. ఇక్కడే అప్పీలులో వచ్చింది. ముద్దాయికి తెలిసిన భాషలో చెప్పకుండా సంతకం పెట్టించుకుంటే చెల్లదని. దాని మీద ఎంతమంది బయటికొచ్చారో లెక్కలేదు.”

“మరి గా పేరు?”

“అప్పీలు వేసినాయనది. మాకూ పేరు తప్ప ఏం తెలియదు.”

వారం తర్వాత స్వరూప బబ్లూను వెంటబెట్టుకుని జిరాక్స్ దుకాణానికి వచ్చింది. ముసలాయన కాళ్లకు దండం పెట్టించాలని, తాను తప్పయిందని చెప్పుకోవాలని.

బెంచీ ఖాళీగా ఉంది.

“ఆరోజు పోయినోడు మళ్ల రాలే,” అన్నాడు ప్రేమ్‌రాజ్. “పన్నెండేండ్ల నుంచి ఒక్కరోజు మానలే. ఊకెనే కూసుండేటోడు, వచ్చినోళ్లను గదే ముచ్చట అడిగేటోడు.”

“ఇల్లు యాడ అన్నా? పేరేంది?”

“ఎన్నడు అడగలే. బాపు అంటుంటిమి.”

ఆమెకు సిగ్గుతో తల వాలిపోయింది.

ఇంతలో ఒక గుమాస్తా వచ్చి, “భాయ్, ఒక గుండయ్య ఇయ్యి,” అన్నాడు.

ప్రేమ్‌రాజ్ చెయ్యి అలవాటుగా టేబుల్ కిందికి పోయింది. స్వరూప కళ్లు బెంచీ వైపు పోయాయి.

ఆరోజు ఆ మాట వినబడినప్పుడల్లా ముసలాయన తలెత్తింది కాగితాల కోసం కాదు, ఎవరో తనను పిలిచారనుకుని.